నెట్‌వర్కు నుండి మేల్కొను కంప్యూటర్లు: సేవల వరుసపై ఒక విమర్శ

కంప్యూటరు మీట నొక్కిన క్షణము మొదలు తెరపై పేరు, సంకేతపదము అడుగువరకు లోపల జరుగు వ్యవహారమును సాధారణముగా ఎవరును పట్టించుకొనరు. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే పదుల కొలది చిన్న కార్యక్రమములు లేచి నిలబడును. గడియారమును సరిచూచునది ఒకటి, అచ్చుయంత్రముతో మాటలాడునది ఒకటి, బయటి ప్రపంచముతో సంబంధము కలుపునది ఒకటి, జరిగినదంతయు చిట్టా వ్రాయునది మరియొకటి. వీనికి సేవలని పేరు. ఏ సేవ ముందు, ఏ సేవ వెనుక అను ప్రశ్న చూపునకు చిల్లరగా తోచును. కాని తనలో డిస్కు అనునదే లేక, దూరమున నున్న సర్వరు నుండి సర్వస్వమును నెట్‌వర్కు మీదుగా తెచ్చుకొని మేల్కొను కంప్యూటరు విషయములో ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పినచో యంత్రము మేల్కొననే మేల్కొనదు. లేదా మేల్కొని, పాఠము నడుమ కొయ్యబారిపోవును.

ఇట్టి యంత్రములు క్రొత్తవి కావు. 1980ల దశకములోనే సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ డిస్కు లేని వర్క్‌స్టేషన్లను అమ్మినది. ఆనాడు డిస్కు మిక్కిలి ఖరీదైన వస్తువు. నేడు కారణము ఖరీదు కాదు, సంరక్షణ. 30 యంత్రములున్న గదిలో 30 డిస్కులుండెనేని, ఒక క్రొత్త పాఠ్యోపకరణమును చేర్చుటకు 30 మారులు శ్రమపడవలెను. సర్వరులో ఒకే ప్రతి యుండి అందరును దానినే చదువుకొనుచుండిన, ఒకచోట మార్చినది అన్నిచోట్ల మారును. 1999లో మొదలైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఈ ఏర్పాటును ఎన్నో బడులకు సులభము చేసినది. 2016లో రాస్ప్‌బెర్రీ పై 3 అను చౌక యంత్రమునకు కూడ నెట్‌వర్కు నుండి మేల్కొను శక్తి చేకూరినది.

మేల్కొను విధమును కొంచెము నిదానముగా చూడవలెను. తరువాతి విమర్శకంతటికి మూలము ఇచ్చటనే యున్నది. విద్యుత్తు అందగానే యంత్రములోని చిన్న స్థిరకార్యక్రమము, తనకు పేరును ఊరును తెలియకపోయినను, నెట్‌వర్కులో ఉన్నవారందరికి వినబడునట్లు ఒక కేక వేయును: నాకు చిరునామా ఇచ్చువారెవరు? ఈ కేకకు, దాని సమాధానమునకు 1985లో బూట్‌పీ అను మర్యాద, 1993లో దాని సంతతియైన డీహెచ్‌సీపీ ఏర్పడినవి. ఇంటెల్ సంస్థ 1999లో వెలువరించిన పీఎక్స్‌ఈ 2.1 నిబంధనలు ఈ పద్ధతిని సామాన్య కంప్యూటర్లన్నిటికి ఒకే తీరున అమర్చినవి. సమాధానముగా చిరునామాతోబాటు, ఏ సర్వరు నుండి ఏ ఫైలు తెచ్చుకొనవలెనో కూడ తెలియును.

ఆ ఫైలును తెచ్చునది టీఎఫ్‌టీపీ అను మిక్కిలి సరళమైన పద్ధతి. ఇది ఫైలును 512 బైట్ల ముక్కలుగా కోసి, ఒక ముక్క చేరినదని కబురు వచ్చిన తరువాతనే రెండవ ముక్కను పంపును. 8 మెగాబైట్ల కెర్నెల్‌ను ఇట్లు తెచ్చుటకు 16,384 ముక్కలు కావలెను. ఒక్కొక్క ముక్క పోయి కబురు వచ్చుటకు ఒక మిల్లీసెకను పట్టినను మొత్తము 16 సెకనులు దాటును. ముక్క పరిమాణమును పెంచుకొను వీలు 1995లో కలిగినది. 1,468 బైట్ల ముక్కలైనచో 5,715 చాలును. 2015లో వెలువడిన యూఈఎఫ్ఐ 2.5 నిబంధనలు వెబ్బు పుటలను తెచ్చు హెచ్‌టీటీపీ పద్ధతినే మేల్కొలుపునకు కూడ అనుమతించినవి.

కెర్నెల్ వచ్చి చేరిన పిమ్మట, దానివెంట వచ్చిన ఒక చిన్న తాత్కాలిక ఫైలు వ్యవస్థ, దాని పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, జ్ఞాపకశక్తిలోనే విప్పుకొనును. అది మరల చిరునామా సంపాదించి, సర్వరులోని అసలు మూల ఫైలు వ్యవస్థను ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి పద్ధతితో తగిలించి, అధికారమును దానికి అప్పగించి తప్పుకొనును. అప్పుడు లేచును మొదటి కార్యక్రమము. తక్కిన సేవలన్నిటిని వరుసగా లేపు బాధ్యత దానిది. ఆ సేవలలో ఒకటి నెట్‌వర్కు సేవ.

చిక్కు ఇదియే. మామూలు కంప్యూటరులో డిస్కు క్రింద, నెట్‌వర్కు పైన. ఇచ్చట నెట్‌వర్కు క్రింద, డిస్కు వలె కనబడునది దాని పైన. నెట్‌వర్కు సేవ అను కార్యక్రమము తాను పుట్టకముందే వచ్చిన నెట్‌వర్కు మీదుగా చదువబడి పనిచేయుచు, నెట్‌వర్కును ‘క్రొత్తగా’ ప్రారంభించుటకు పూనుకొనును. అది చేయు మొదటిపని, ఉన్న చిరునామాను తుడిచి క్రొత్తది వ్రాయుట యైనచో, అది కూర్చున్న కొమ్మను నరుకుకొన్నట్లే. చిరునామా పోయిన మరుక్షణము ఆ కార్యక్రమపు తరువాతి పుట సర్వరు నుండి రావలసియున్నచో, రాదు. పుట రానిది కార్యక్రమము ముందుకు సాగదు. కార్యక్రమము సాగనిది చిరునామా రాదు. ఎన్‌ఎఫ్‌ఎస్ సాధారణముగా ఓటమిని ఒప్పుకొనదు, సర్వరు పలుకు వరకు ఎదురుచూచుచునే యుండును. తెరపై సర్వరు పలుకుటలేదను వాక్యము మాత్రము మిగులును.

ఈ చిక్కును సేవల వరుసను నిర్ణయించు వ్యవస్థలు ఎట్లు ఎదుర్కొన్నవి?

పాత యూనిక్సు పద్ధతి అంకెలది. ప్రతి సేవకు ఒక ప్రారంభ పత్రము, దాని పేరు మొదట ఎస్ అను అక్షరము, రెండంకెల సంఖ్య. రెడ్‌హ్యాట్ లినక్సులో నెట్‌వర్కు 10, చిట్టా వ్రాయు సిస్‌లాగ్ 12, దూరపు ఫైళ్లను తగిలించు నెట్‌ఎఫ్‌ఎస్ 25, దూరము నుండి ప్రవేశము కల్పించు ఎస్‌ఎస్‌హెచ్‌డీ 55. వరుసగా ఒకదాని తరువాత ఒకటి నడచును. ఎవరికైనను అర్థమగును. కాని 12 ఎందుకు 10 తరువాత వచ్చెనో ఆ అంకె చెప్పదు. చిట్టాకు నెట్‌వర్కు అవసరమా, లేక ఎవరో తోచిన అంకె వేసినారా? పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారో చూచి బంధుత్వము చెప్పుట ఎంత సాధ్యమో, అంకెలను చూచి అవసరమును గ్రహించుట అంతే సాధ్యము. పైగా ఒకదానికొకటి సంబంధము లేని సేవలు సైతము ఊరక వేచియుండి కాలము వ్యర్థమగుచుండెను.

ఐనను ఆ పాత పద్ధతికి ఒక గౌరవము దక్కవలెను. రెడ్‌హ్యాట్ నెట్‌వర్కు పత్రములో ‘ఆపుము’ అను ఆజ్ఞక్రింద ఒక షరతు వ్రాసియుండెడిది: మూల ఫైలు వ్యవస్థ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద గాని, నెట్‌వర్కు మీది డిస్కు మీద గాని ఉన్నయెడల నెట్‌వర్కును ఆపవలదు. నాలుగైదు పంక్తుల మాట. సొగసు లేదు, సిద్ధాంతము లేదు. కాని డిస్కు లేని యంత్రమొకటి లోకములో ఉన్నదని ఆ పత్రము వ్రాసినవారికి తెలియును. పత్రము తెరచి చదివినవారికిని తెలిసెడిది.

2006లో ఉబుంటులో వచ్చిన అప్‌స్టార్ట్ అంకెలను వదలి సంఘటనలను పట్టుకొన్నది. ఇది జరిగినప్పుడు అది మొదలు పెట్టుమనుట. దాని ఆయువు స్వల్పము. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలిడిన సిస్టమ్‌డీ 2011లో ఫెడోరా 15లోను, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04లలోను స్థిరపడి, నేడు ప్రధానమైన లినక్సు పంపిణీలలో అధికసంఖ్యాకమునకు అదియే మొదటి కార్యక్రమమైనది. కావున విమర్శ ముఖ్యముగా దానినే ఉద్దేశించవలెను.

సిస్టమ్‌డీ చేసిన మేలు మొదట చెప్పుట న్యాయము. అది అపేక్షను, క్రమమును విడదీసినది. వంటయింటి ఉదాహరణ చాలును. అన్నమునకు బియ్యము, నీరు రెండును కావలెను, ఇది అపేక్ష. ఎసరు మరగిన తరువాతనే బియ్యము పోయవలెను, ఇది క్రమము. విందునకు పప్పు, కూర రెండును కావలెను, కాని రెండు పొయ్యిలమీద ఒకేమారు ఉడికించవచ్చును. అపేక్ష కలదు, క్రమము లేదు. పాయసము చేసిన పక్షమున భోజనము చివర వడ్డింపుము, చేయకున్నను విందు ఆగదు. ఇచ్చట క్రమము కలదు, అపేక్ష లేదు. సిస్టమ్‌డీ పత్రములో అపేక్షను రిక్వైర్స్, వాంట్స్ అను మాటలు తెలుపును. మొదటిది తప్పనిసరి, రెండవది ఉండిన మంచిది అను కోరిక. క్రమమును ఆఫ్టర్, బిఫోర్ అను మాటలు తెలుపును. రిక్వైర్స్ అని మాత్రము వ్రాసి ఆఫ్టర్ అని వ్రాయకున్నచో రెండు సేవలును ఒకేమారు బయలుదేరును. క్రొత్తగా నేర్చువారు పొరబడునది తరచుగా ఇచ్చటనే. ఐనను ఈ విభజన తార్కికమైనది. పాత అంకెలు మ్రింగివేసిన సమాచారమును ఇది పైకి తెచ్చినది.

ఈ ఆఫ్టర్, బిఫోర్ సంబంధములన్నిటిని కాగితముమీద బాణములుగా గీచినచో ఒక గ్రాఫు ఏర్పడును. దానినుండి వరుసను రాబట్టుటకు ఏ. బి. కాన్ 1962లో ప్రచురించిన ఉపాయము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అందుబాటులో నున్నదే: తనవైపు ఏ బాణమును రాని బిందువును ఎన్నుకొని వరుసలో వ్రాసికొని, దానిని, దానినుండి బయలుదేరు బాణములను చెరిపివేయవలెను, మరల అట్టి బిందువును వెదకవలెను. అన్నియు చెరిగిపోయినచో వరుస సిద్ధము. చెరపుటకు వీలులేని కొన్ని బిందువులు మిగిలినచో గ్రాఫులో చక్రమున్నదని, వరుస అసాధ్యమని అర్థము.

చక్రము కనబడినపుడు సిస్టమ్‌డీ ఏమి చేయును? తప్పనిసరి కాని ఒక పనిని వరుసనుండి తొలగించి చక్రమును తెంపి, ఆ సంగతి చిట్టాలో వ్రాసి ముందుకు సాగును. మొత్తము యంత్రము ఆగిపోవుటకంటె ఇది మేలు కదా యని సమర్థించవచ్చును. ఇంటిలో ఒకే యంత్రముండి, దాని యజమాని చిట్టా చదువువాడైనచో సమర్థన చెల్లును. ఉపాధ్యాయుడు పాఠము చెప్పవలసిన గదిలో, అచ్చుయంత్రపు సేవయో గడియారపు సేవయో వరుసనుండి జారిపోయి, దోషము మరియొకచోట మరియొక రూపమున బయటపడినపుడు, ఆ మౌనపు రాజీ ఉపకారమని చెప్పుట కష్టము.

చక్రములు ఊహలోనివి కావు. రాస్ప్‌బెర్రీ పై 3, పై 4 యంత్రములలో విద్యుత్తు లేనపుడు కాలమును నిలుపుకొను గడియారపు చిప్పు లేదు. కాలము నెట్‌వర్కు నుండి తెచ్చుకొనవలెను. కాలమిచ్చు సర్వరు పేరునుండి చిరునామా తెలిసికొనుటకు పేర్ల సేవ కావలెను. ఆ పేర్ల సేవ డిజిటల్ సంతకములను సరిచూచు రకమైనచో, సంతకపు గడువు చెల్లినదో లేదో తెలియుటకు దానికి సరియైన కాలము కావలెను. విత్తు ముందా, చెట్టు ముందా? మామూలు యంత్రమైనచో పోయినమారు ఆగిన వేళను డిస్కులో వ్రాసికొని, అచ్చటినుండి లెక్క మొదలుపెట్టును. డిస్కు లేనిదానికి ఆ వ్రాత జ్ఞాపకశక్తిలో నుండి, ఆగినంతనే చెరిగిపోవును. గ్రాఫు గీచినపుడు ఈ చక్రము కనబడదు కూడ; బాణములు సేవల నడుమనే గీయబడినవి, సంతకమునకును కాలమునకును నడుమ కాదు.

ఇక ముఖ్యమైన ఆక్షేపణ. సిస్టమ్‌డీ గ్రాఫులో మూల ఫైలు వ్యవస్థకు ఒక బిందువున్నది. కాని అది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ముందే అమర్చి యిచ్చినదని భావించి, ఇతర దూరపు ఫైలు వ్యవస్థలకు విధించు నియమములను దానికి విధింపదు. తక్కిన ఎన్‌ఎఫ్‌ఎస్ సంచయములు నెట్‌వర్కు తరువాత రావలెనని బాణము గీయును, మూలమునకు గీయదు. గీయనూలేదు, ఏలయన నెట్‌వర్కు సేవ ఆ మూలములోనే యున్నది కావున అప్పుడు చక్రమేర్పడును. ఇట్లు, యంత్రమంతయు దేనిమీద నిలిచియున్నదో ఆ ఒక్క ఆధారము గ్రాఫునకు వెలుపల మిగిలిపోయినది. ఇల్లంతయు కొలతలతో గీచి పునాదిని వదలిన పటము వంటిది.

దీనికి తోడు ‘నెట్‌వర్కు వచ్చినది’ అను మాట. సిస్టమ్‌డీలో దీనికి రెండు మజిలీలున్నవి. నెట్‌వర్క్.టార్గెట్ అనునది నెట్‌వర్కును నడపు కార్యక్రమము లేచినదని మాత్రమే చెప్పును. చిరునామా వచ్చినదని కాదు. దాని అసలు ప్రయోజనము యంత్రము ఆగునపుడు కనబడును. ఆగునపుడు వరుస తలక్రిందులగును కావున, దాని తరువాత లేచిన సేవలు నెట్‌వర్కు పోకముందే సర్దుకొనుటకు వ్యవధి దొరకును. రెండవది నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్. నెట్‌వర్కు నిజముగా వాడుకకు వచ్చువరకు వేచియుండుటకు ఇది. ‘నిజముగా’ అనగా ఏమి? తీగ తగిలినదనియా, చిరునామా వచ్చినదనియా, సర్వరు పలికినదనియా, పేర్లు తెలియుచున్నవనియా? ఆ నిర్ణయమును నెట్‌వర్కు నడపు కార్యక్రమమునకు వదలివేసినారు. సిస్టమ్‌డీ కర్తలు ఈ లోపమును దాచలేదు. దీనిపై ఆధారపడుటకంటె, నెట్‌వర్కు వచ్చుచు పోవుచుండుటను ఓర్చుకొనునట్లు సేవలనే వ్రాయుడని వారి పత్రములు హితవు చెప్పుచున్నవి. హితవు సరియైనదే. కాని బడి కంప్యూటరు గదిని చూచుకొనువాడు సేవలను వ్రాయువాడు కాడు, ఉన్నవానిని వాడుకొనువాడు. అతనికి చేతికందిన ఉపాయము ప్రతి సేవ పత్రములోను ఆన్‌లైన్ తరువాత అని ఒక పంక్తి చేర్చుట. అన్ని జబ్బులకు ఒకటే కషాయము.

ఆ కషాయము డిస్కు లేని యంత్రమునకు ఎట్లు వికటించునో చూడుడు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ముందే అమర్చిన నెట్‌వర్కు సంబంధమును నెట్‌వర్కు సేవ తాకరాదని జాగ్రత్తపరుడు ఆజ్ఞాపించును. మంచిదే, కొమ్మ తెగదు. కాని సిస్టమ్‌డీ వారి నెట్‌వర్కు సేవకు తోడైన నిరీక్షణ కార్యక్రమము, ఆ సేవ పాలించు సంబంధములను మాత్రమే లెక్కలోనికి తీసికొనును. పాలించునది ఒక్కటియు లేకున్నచో ఆన్‌లైన్ అని ప్రకటించుటకు ఆధారము దొరకక, గడువు ముగియువరకు వేచియుండి ఓటమిని ప్రకటించును. ప్రత్యేకముగా మార్చకున్న ఆ గడువు 120 సెకనులు. అనగా ప్రతి అక్షరమును నెట్‌వర్కు మీదుగా చదువుకొనుచున్న కంప్యూటరు, నెట్‌వర్కు ఇంకను రాలేదని రెండు నిమిషములు కూర్చుండును! హాస్యమునకు కల్పించినది కాదు, నియమములను తు. చ. తప్పక పాటించిన ఫలితము.

అట్లని నెట్‌వర్కు సేవను పూర్తిగా పడుకోబెట్టుటకు కూడ వీలులేదు. డీహెచ్‌సీపీ చిరునామాను దానమీయదు, కౌలుకిచ్చును. కౌలు గడువులో సగము గడచిన తరువాత పొడిగింపు కోరుట నియమము. ఎనిమిది గంటల కౌలైనచో నాలుగవ గంటకు అడుగవలెను. మేల్కొలుపు సమయమున కెర్నెల్ తానే చిరునామా సంపాదించినచో, ఆ పొడిగింపు పని అది పెట్టుకొనదు. ఎవరును అడుగకున్న, గడువు తీరిన పిదప సర్వరు ఆ చిరునామాను మరియొక యంత్రమునకు ఈయవచ్చును. అప్పుడు ఒకే పొలమున ఇద్దరు కౌలుదారులు. కాబట్టి నెట్‌వర్కు సేవ బాధ్యతను స్వీకరించవలెను, కాని క్షణమైనను చిరునామాను క్రింద పెట్టరాదు. పల్లకి మోయు బోయీలు నడక ఆపక భుజము మార్చుకొనునట్లు. 2019లో వెలువడిన సిస్టమ్‌డీ 243లో దీనికి కీప్‌కాన్ఫిగరేషన్ అను అమరిక వచ్చినది. డీహెచ్‌సీపీ ఇచ్చిన చిరునామాను, దారులను పారవేయక నిలుపుమని అది చెప్పును. కావలసినది ఇదియే. కాని ఇది సేవల వరుసకు సంబంధించిన పత్రములో ఉండదు, నెట్‌వర్కు అమరికల పత్రములో నుండును. పాత రెడ్‌హ్యాట్ పత్రములో ఒకచోటనే చదువుకొన్న జ్ఞానము ఇప్పుడు మూడు నాలుగు పత్రములకు పంచబడినది. వ్యవస్థ తెలివి పెరిగినది. చదువరి పని కూడ పెరిగినది.

యంత్రము ఆగునపుడు పరీక్ష మరింత కఠినము. మామూలుగా చివరకు మిగిలిన కార్యక్రమములన్నిటిని ముగించి, ఫైలు వ్యవస్థను విడదీసి, విద్యుత్తును ఆపవలెను. ఎన్‌ఎఫ్‌ఎస్ వలెగాక, నెట్‌వర్కు మీది డిస్కును ఒక కార్యక్రమము మోయుచున్న పక్షమున, దానిని ముగించినంతనే పాదముల క్రింది నేల పోవును. ఇచ్చట సిస్టమ్‌డీ చూపిన ఉపాయము మెచ్చదగినది. మేల్కొలుపులో తప్పుకొన్న ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వంటి చిన్న వ్యవస్థను జ్ఞాపకశక్తిలో మరల సిద్ధముచేసి, చివరి ఘట్టములో అధికారమును దానికి తిరిగి అప్పగించును. అదియే అసలు మూలమును విడదీసి, పిదప నెట్‌వర్కును వదలును. వచ్చిన దారినే పోవుట. తర్కమునకు పూర్తిగా లొంగిన పరిష్కారము. నేలను మోయు కార్యక్రమమును తొందరపడి ముగింపకుండుటకు గుర్తు మాత్రము విచిత్రమైనది: దాని పేరులో మొదటి అక్షరము ‘@’ అయినచో వదలివేయును. పేరులో ఒక గుర్తు పెట్టుకొని ప్రాణము కాపాడుకొనుట గ్రాఫులో బాణము గీచుట వంటిది కాదు. 2023లో వచ్చిన 255వ కూర్పు ఇందుకు ప్రత్యేకమైన అమరికను చేర్చినది. ఇంత ఆలస్యము కానక్కరలేదు.

మరియొక చిన్నసంగతి. అందరును ఒకే ప్రతిని చదువుచున్నపుడు, యంత్రమునకు గుర్తింపు సంఖ్యనిచ్చు మెషీన్-ఐడీ అను ఫైలు కూడ ఒకటే యగును. సిస్టమ్‌డీ వారి నెట్‌వర్కు సేవ ఆ సంఖ్యనుండియే డీహెచ్‌సీపీకి తన పరిచయమును తయారుచేయును. ముప్పదిమంది ఒకే పేరు చెప్పిన, సర్వరు ఒకే చిరునామాను అందరికి ఈయజూచుట దాని తప్పు కాదు. ఆ ఫైలును ప్రతిలో ఖాళీగా ఉంచి, ఏ యంత్రమునకు ఆ యంత్రము మేల్కొనునపుడే నింపుకొనునట్లు చేయవలెను. అదియు మొట్టమొదట జరుగవలసిన పనులలోనిది.

ఇంతవరకు చెప్పినది ఒక యంత్రములోని వరుస. ఏ వ్యవస్థయు పలుకనిది, యంత్రముల నడుమ వరుస. కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు గదిలోని స్విచ్చు, సర్వరు, 30 కంప్యూటర్లు ఒకేమారు లేచును. సర్వరు పెద్దది కావున ఆలస్యముగా సిద్ధమగును. స్విచ్చు, తీగలలో వలయములు లేవని నిశ్చయించుకొనుటకు పాత 802.1డీ నియమముల ప్రకారము ప్రతి రంధ్రమును 15 సెకనులు వినుచు, మరి 15 సెకనులు నేర్చుకొనుచు, మొత్తము 30 సెకనులు మూసియుంచును. ఈలోపల కంప్యూటరు కేకలు మొదలిడును. పీఎక్స్‌ఈ నిబంధనలలో ఒక్కొక్క కేక తరువాత వేచియుండు వ్యవధి 4, 8, 16, 32 సెకనులు; మొత్తము 60. మొదటి మూడు కేకలు, అనగా మొదటి సెకనున వేసినది, 4వ సెకనున వేసినది, 12వ సెకనున వేసినది, మూసిన తలుపునకు తగిలి పోవును. 28వ సెకనున వేయు నాల్గవ కేక కూడ 30 సెకనులు నిండకమునుపే వేసినది! నిబంధనలను తక్కువచేసి పాటించు యంత్రము, ఇంకను ముందే విసిగి ఊరకుండును. స్విచ్చులో తప్పులేదు, సర్వరులో తప్పులేదు, కంప్యూటరులో తప్పులేదు. గది మాత్రము చీకటి. నలుబది నిమిషముల పాఠములో పదిహేను నిమిషములు ఒక్కొక్క యంత్రపు మీట మరల నొక్కుటకు చెల్లిపోవును.

సర్వరులోనే మరియొక పొరపాటునకు తావున్నది. అందులో చిరునామాలిచ్చు డీహెచ్‌సీపీ, కెర్నెల్‌నిచ్చు టీఎఫ్‌టీపీ, మూల ఫైళ్లనిచ్చు ఎన్‌ఎఫ్‌ఎస్ మూడును సేవలు. సర్వరు దృష్టిలో వీనిలో ఒకదానికొకటి ఏ అపేక్షయు లేదు. కావున సిస్టమ్‌డీ వానిని ఏ వరుసలోనైనను లేపవచ్చును, తేలికయైన డీహెచ్‌సీపీ ముందే లేచుట సహజము. అప్పుడు యంత్రములకు చిరునామా దొరకును, ఫైళ్లు దొరకవు. వడ్డనకు విస్తళ్లు లేకముందే అతిథులను పంక్తికి పిలిచినట్లగును. వంట ముగిసిన తరువాత పిలుపు, డీహెచ్‌సీపీయే పిలుపు. కాబట్టి సర్వరులో డీహెచ్‌సీపీ పత్రమునకు, ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్.సర్వీస్ తరువాత, టీఎఫ్‌టీపీ సేవ తరువాత అని ఆఫ్టర్ పంక్తి చేర్చవలెను. సర్వరుకు ఆ బాణము అవసరము లేదు. ప్రక్క గదిలోని ముప్పది యంత్రములకు అవసరము.

ఆ ఒక్క పంక్తితో సర్వరు సంగతి చక్కబడును. స్విచ్చు చేయు 30 సెకనుల నిరీక్షణ మాత్రము ఏ సేవ పత్రములోను వ్రాసి తప్పించునది కాదు. కంప్యూటర్లు తగిలించిన రంధ్రములలో వలయమునకు అవకాశము లేదని స్విచ్చునకే దాని అమరికలలో తెలుపవలెను. సర్వరునకు, మరియొక స్విచ్చునకు పోవు రంధ్రములను మాత్రము పాతరీతిగనే వదలివేయవలెను.